సత్యవతమ్మ కత్తిపీట, కృష్ణమూర్తిగారి నిప్పు

బందరుకు డచ్చివారు రావడం, ఇంగ్లీషువారు రావడం, ఫ్రెంచివారు వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళడం పుస్తకాల్లో ఉన్నాయి. కృష్ణమూర్తిగారు మార్జిను గీయడం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఇది చరిత్రకారుల లోపం. ఆయన ఏ కాగితం మీద ఏది రాయాలన్నా ముందు ఎడమపక్క స్కేలు పెట్టి, రెండు వేళ్ళ వెడల్పు వదిలి, పెన్సిలుతో ఒక నిలువు గీత గీస్తారు. పచారీ చీటీకి గీస్తారు. పాలవాడికి పెట్టే చీటీకి గీస్తారు. ఒకసారి ఆసుపత్రిలో, మళ్ళీ ఎప్పుడు రావాలో రాసుకోవడానికి నర్సును స్కేలు అడిగారు. ఆవిడ థర్మామీటరు ఇచ్చింది. దాంతోనే గీశారు.

గీతకు ఇవతల ఖాళీ ఎందుకంటే, అందులో పైవారు అభిప్రాయం రాస్తారు. కాలవల శాఖ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు, గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగేదాకా, ఆయన గీతకు అవతల రాశారు, పైవారు ఇవతల రాశారు. రిటైరయ్యాక పైవారు లేరు. ఇంట్లో భార్య త్రిపురసుందరిగారు ఉన్నారు. కనక గీత కొనసాగింది.

ఈ గీత మూలాన కిందటి కార్తీకంలో ఒక మంచి కత్తిపీట ప్రాణం మీదికి వచ్చింది. అది బతికి బయటపడింది గనకనే ఇంత తీరుబడిగా చెప్పుకోగలుగుతున్నాం. ఎవరికీ ఏమీ కాలలేదు, ఏదీ పేలలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే వినేవారికీ చెప్పేవారికీ నిమ్మళంగా ఉంటుంది.

కృష్ణమూర్తిగారికి ఇనుము మీద మోజు ఆలస్యంగా పుట్టింది. సర్వీసులో ఉండగా ఆయన చేతిమీదుగా లాకుల తలుపులు, గొలుసులు, కొక్కేలు, మేకులు టన్నుల కొద్దీ నడిచాయి. అన్నీ కాగితం మీదే. ఒక్క మేకునైనా ఆయన ముట్టుకున్న దాఖలా లేదు. రిటైరైన రెండో ఏట, ఫోనులో ఎవరో గడ్డపాయన తన పెరట్లో ఇనపకడ్డీ ఎర్రగా కాల్చి, నాలుగు దెబ్బలు వేసి కొక్కెం చేయడం చూశారు. చూసి, ఇలాంటివి తాను ఆరువేలు మంజూరు చేశానని భార్యతో అన్నారు. ఆవిడ అప్పుడు చిక్కుడుకాయలు వలుస్తున్నారు.

"మంజూరు చేసిన చేత్తో ఆ గిన్నె ఇలా అందించండి" అన్నారు.

అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. పాత ఇనప సామాన్ల కొట్లో రైలు పట్టా ముక్క ఒకటి దొరికింది. సుత్తి దెబ్బలు కాసే దిమ్మగా అది పనికొస్తుందని గడ్డపాయన చెప్పి ఉన్నాడు. సుత్తి కొన్నారు, పొడుగు చేతుల పటకారు కొన్నారు, తోలు చేతితొడుగులు కొన్నారు. పెరట్లో రేకుల పంచ కింద అన్నీ అమర్చి, పట్టా ముక్కకు పసుపు కూడా పెట్టారు. ఇక నిప్పొక్కటే తక్కువ. ఏ నిప్పు అన్నది తేల్చకముందే సత్యవతమ్మ కత్తిపీట వచ్చి పడింది.

సత్యవతమ్మది గిలకలదిండి. భర్త వెంకటస్వామి బోటు మీద వేటకు వెళ్తాడు. ఆమె తెల్లారేసరికి కృష్ణమూర్తిగారి వీధి మొగలో చేపల గంప దించి, కత్తిపీట వేసుకొని కూర్చుంటుంది. చేపలు కొనేవారు కొంటారు, మార్కెట్లో కొని తెచ్చి ఆమె చేత కోయించుకునేవారు కోయించుకుంటారు. కృష్ణమూర్తిగారింట్లో చేపలు వండరు. అయినా పాతికేళ్ళుగా ఒకే మొగ గనక పరిచయం గట్టిది. ఆయన అన్నయ్యగారు, ఆవిడ వదినగారు.

ఆశ్వయుజం చివర్లో ఒక పండుగప్ప తలకాయ చీల్చబోయి సత్యవతమ్మ బరువంతా వేసింది. కత్తి తెగలేదు, విరగలేదు, ఎడమకు ఒరిగింది. కత్తి అడుగున పీటలోకి దిగే తోక వంకరపోయింది. అప్పట్నుంచి ముక్క కోసినప్పుడల్లా కత్తి పక్కకు వాలడం, చెయ్యి జారడం. బొటనవేలికి అప్పటికే గుడ్డ కట్టు పడింది. వెల్డింగు షాపతను అది పడేసి కొత్తది కొనుక్కోమన్నాడు. బజారులో అమ్మే కొత్త కత్తులు డబ్బా రేకుల్లా ఉంటాయి, కొయ్యింగలాంటి చిన్న చేపకు సరే గాని పండుగప్పకు ఆగవు. ఇదేమో ఆమె అత్తగారు నాగాయలంకలో దగ్గరుండి చేయించుకున్నది. ఆ చేసినాయనా లేడు, ఆ కొలిమీ లేదు. అత్తగారి తరవాత ఇరవై రెండేళ్ళుగా ఇంటి అన్నం ఆ అంచు మీద నుంచే వస్తోంది.

గోడ అవతల ఈ గోడు విన్న కృష్ణమూర్తిగారు తాను చూస్తానన్నారు. ఎంత నమ్మకంగా అన్నారంటే సత్యవతమ్మ నమ్మింది. కార్తీకంలో బందరు సగం నీచు ముట్టదు. వీధి మొగలో కూర్చున్నా ఈగలు తోలుకోవడమే. కనక నెల రోజులు కత్తి లేకపోయినా గడుస్తుంది. నెల దాటి పోలి పాడ్యమి వచ్చిందంటే, ముప్ఫై రోజులు నోరు కట్టుకున్నవాళ్ళంతా పొద్దున్నే సంచీలతో దిగుతారు. ఆ రోజు కత్తి లేకపోతే వాళ్ళు పక్క వీధి మొగకు వెళ్తారు. వెళ్ళినవాళ్ళు అక్కడే అలవాటు పడతారు.

"పాడ్యమికి అందాలండీ అన్నయ్యగారూ" అని రెండుసార్లు చెప్పి, కత్తి ఊడదీసి ఇచ్చి, పీట ఇంటికి పట్టుకుపోయింది.

చేపల కత్తి కార్తీకంలో గడప దాటడం గురించి ఇంట్లో చిన్న చర్చ జరిగింది. నిప్పులో పడబోయే వస్తువుకు మైల లేదని కృష్ణమూర్తిగారు వాదించారు. నిప్పులో పడేదాకా మాత్రం అది పంచలోనే ఉంటుందని త్రిపురసుందరిగారు తీర్పు చెప్పారు. ఆ సాయంత్రమే ఆయన తెల్లకాగితాల దస్తా ముందేసుకొని, మార్జిను గీసి, పైన ఇలా రాశారు: "విషయం: కత్తిపీట – కాల్చుట – తగిన నిప్పు ఎంపిక – గురించి."

మొదటి వారం గ్యాసుకు పోయింది. గడ్డపాయనది గ్యాసు కొలిమే. డబ్బాలో వేడికి ఓర్చే తెల్లటి ఉన్ని పరిచి, గొట్టంతో మంట ఊదిస్తాడు. పొగ లేదు, బూడిద లేదు, మీట తిప్పితే వెలుగుతుంది, తిప్పితే ఆరుతుంది. కొత్తగా నేర్చేవాడికి ఇంతకన్న సుఖం లేదని కృష్ణమూర్తిగారు ఎనిమిది పేరాల్లో నిరూపించి, కాగితం వంటింట్లోకి పంపించారు. అంటే స్వయంగా పట్టుకెళ్ళి గట్టు మీద పెట్టి, బయటికి వచ్చి కూర్చున్నారు. సాయంత్రానికి మార్జినులో అభిప్రాయం వచ్చింది: "వంటింటి బండ వంటింటిదే." వేరే బండ తీసుకుంటానని ఆయన తొమ్మిదో పేరా రాశారు. "లోపలొక బండ, బయటొక మంట, మధ్యన మీరు. వద్దు" అని జవాబు వచ్చింది.

రెండో వారం రాక్షసి బొగ్గుది. పూర్వం కంసాలి కొలుములూ కమ్మరి కొలుములూ ఎలా నడిచాయో పెద్దలను విచారించి, ఆ బొగ్గుకున్న వేడి మరి దేనికీ లేదని ఆయన రాశారు. నిజమే. పొగ కూడా మరి దేనికీ అంత లేదు. పక్కింటివారి తీగ మీద తెల్ల పంచెలు ఆరుతుంటాయి. ఆ ఇంటాయన శివమాల వేసుకొని ఉన్నాడు గనక నలభై రోజులు కోప్పడకూడదు, నలభై ఒకటో రోజున మాత్రం కోప్పడవచ్చు. త్రిపురసుందరిగారు మార్జినులో రాసింది మరీ క్లుప్తం: "నెల పొడుగునా దీపాలు పెట్టి, చివర రాక్షసిని పిలవడమా?"

ఈలోగా సత్యవతమ్మ రెండుసార్లు గేటు దగ్గర ఆగింది. ఆ సంభాషణ ఇంచుమించు ఒకేలా జరిగింది.

"అయ్యిందాండీ?"

"పరిశీలనలో ఉంది సత్యవతమ్మా."

"ఎవరి పరిశీలనలో అండీ?"

"నా పరిశీలనలోనే."

"మరింకేం, మీరే చేసెయ్యొచ్చు గదండీ" అని ఆమె గంప సర్దుకొని వెళ్ళిపోయింది. కృష్ణమూర్తిగారికి ఆ మాటలో ఏదో తర్కం ఉన్నట్టు తోచింది గాని, దాన్ని ఏ పేరాలో చేర్చాలో తెలియలేదు.

మూడో వారం ఉయ్యూరు నుంచి పిచ్చేశ్వరరావుగారు వచ్చారు. ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లలు, వరసకు ఏమీ కారు, ముప్ఫై ఏళ్ళుగా బావగారూ అంటే బావగారూ. ఫైలు మొత్తం చదివి, అందులో రెండు అక్షర దోషాలు దిద్ది, ఆయన ఆశ్చర్యపోయారు. చుట్టూ వరి పండే దేశంలో కూర్చొని బొగ్గు కోసం వెతకడమేమిటన్నారు. మిల్లుల దగ్గర ఊక కొండలుగా పడి ఉంది. మళ్ళీ ఆదివారం రెండు బస్తాల ఊక బస్సు మీద వేయించుకొని స్వయంగా దిగారు.

ఊక అంటుకుంది. అంటుకొని, మండకుండా, ఆరకుండా, రెండు పగళ్ళు రెండు రాత్రులు లోలోపల రాజుకుంటూ ఉండిపోయింది. అందులో పెట్టి తీసిన ఇనపకడ్డీ, జ్వరం తగిలిన పిల్లవాడి నుదురంత వేడెక్కింది. పిచ్చేశ్వరరావుగారు దాన్ని ముట్టుకొని, ఇంకో బస్తా వేస్తే సరిపోతుందన్నారు. త్రిపురసుందరిగారు మాత్రం ఉపవాసం రోజు గనక నాలుగు చిలగడదుంపలు ఆ ఊకలో కప్పెట్టారు. అవి ఎంత బాగా మగ్గాయంటే, అతిథి నాలుగూ తిన్నారు. మార్జినులో ఇలా నమోదైంది: "దుంపలకు ఆమోదించడమైనది."

ఆ విధంగా మిగిలింది సరుగుడు బొగ్గు. సముద్రం ఒడ్డున తోటలున్నాయి, బొగ్గు కాల్చేవాళ్ళున్నారు, పొగ తక్కువ, వేడి చాలు, మెల్లగా నేర్చుకోవచ్చు. ఇందులో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. త్రిపురసుందరిగారు కూడా "కానివ్వండి" అని రాశారు. అప్పటికి అమావాస్య నాలుగు రోజుల్లో ఉంది.

కృష్ణమూర్తిగారు ఆ నాలుగు రోజులూ మనిషిలా పని చేశారు. పంచ కింద ఇటుకలతో మూరెడు పొడుగు కొలిమి కట్టి, లోపల మట్టి మెత్తారు. మూరెడు ఎందుకంటే కత్తి పొడుగు జానెడున్నర. అది మొత్తం నిప్పులో మునగాలి గదా. గాలి కోసం, గుడివాడలో ఉద్యోగం చేసే కూతురు సాహిత్య వదిలేసి వెళ్ళిన జుట్టు ఆరబెట్టే మిషనుకు ఇనప గొట్టం తగిలించారు. అడుగు నుంచి గాలి కొడితే బొగ్గు ఎర్రబడి, ఆపైన పసుపు రంగుకు తిరిగింది. ఇరవై ఆరు పుటల ఫైలుకు ఫలితం కళ్ళెదుట భగభగమంటుంటే ఆయన ఛాతీ కొంచెం పెరిగింది.

అమావాస్య మధ్యాహ్నం. కృష్ణమూర్తిగారు తల మీద తడి తువ్వాలు, చేతులకు తోలు తొడుగులు. పటకారులో సత్యవతమ్మ కత్తి. గుమ్మంలో నీళ్ళ బక్కెట్టుతో త్రిపురసుందరిగారు. గడియారం చూసి, వర్జ్యం వెళ్ళిందని నిర్ధారించుకొని, ఆయన కత్తిని నిప్పుల మీదికి తీసుకెళ్ళారు. సరిగ్గా అప్పుడు కత్తి తీసుకెళ్ళడానికి సత్యవతమ్మ పెరటి తలుపు తోసుకొని వచ్చింది.

"ఏం చేస్తున్నారండీ అన్నయ్యగారూ?"

"కాలుస్తున్నాను."

"దేన్నండీ?"

"కత్తిని."

సత్యవతమ్మ గంప కింద పెట్టింది. "కత్తేం చేసిందండీ పాపం. వంకరపోయింది తోక గదా."

పటకారు గాలిలో ఆగిపోయింది.

"అంచు కూడా కాలిందనుకోండి, పదును చచ్చిపోద్ది. ఆనక దాంతో ఆనపకాయ కూడా తెగదండీ" అంది. గొంతు పెంచలేదు. కానీ కట్టు కట్టిన బొటనవేలు మిగతా వేళ్ళ మధ్య దాక్కుంది.

కృష్ణమూర్తిగారు కత్తిని మెల్లగా వెనక్కి తీసి, పట్టా ముక్క మీద పెట్టి, కాసేపు దాన్ని చూశారు. ఆ తరవాత స్టూలు మీదున్న ఫైలు చూశారు. ఇరవై ఆరు పుటల్లో తోక అన్న మాట ఒక్కచోటా లేదు. మొదటి రోజున విషయంలో "కత్తిపీట – కాల్చుట" అని పడింది. ఆపైన ప్రతి నిప్పునూ మొత్తం కత్తిని కాల్చగలదా లేదా అన్నదాని మీదే తూచారు. అందరూ చదివారు, అందరూ అభిప్రాయాలు రాశారు, అక్షర దోషాలు కూడా దిద్దారు. కాగితం ఒక్క సత్యవతమ్మ దగ్గరికే వెళ్ళలేదు. ఈ కత్తి తయారైన రోజున నాగాయలంక కొలిమిలో తిత్తి నొక్కింది కొత్తకోడలుగా ఉన్న తానేనని ఆమె అప్పుడు చెప్పింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, అడగలేదంది.

విషయం మారితే ఫైలు మారాలన్నది ఆఫీసు ధర్మం. ఆ ఆలోచన ఆయన ముఖంలో కదలడం త్రిపురసుందరిగారు చూశారు.

"మళ్ళీ గీత గీశారంటే, స్కేలు కూడా ఆ నిప్పులోకే వెళ్తుంది" అన్నారు.

తరవాత జరిగినదంతా ఏ కాగితం మీదా లేదు. త్రిపురసుందరిగారు అటక మీంచి ఒక పాత బక్కెట్టు కుంపటి దింపించారు. లోపల మట్టి మెత్తి, అడుగున రంధ్రం ఉన్నది, వాళ్ళ అత్తగారు బాలింతలకు కాపడం పెట్టడానికి వాడినది. కార్తీక సోమవారాల్లో కొట్టిన కొబ్బరికాయల చిప్పలు పెరటి మూలన గుట్టగా ఉన్నాయి. సత్యవతమ్మ వాటిని చితక్కొట్టి కుంపట్లో రాజేసింది. చిప్ప మంట కాసేపు నవ్వినట్టు ఎగిరి, తగ్గి, గట్టి నిప్పులుగా కూర్చుంది. జుట్టు మిషను గొట్టం తెచ్చి అడుగు రంధ్రంలో పెట్టారు. మూరెడు కొలిమి పక్కన అది చెంబంత నిప్పు. తోకకు అంతే కావాలి.

అయితే తోక ఎర్రబడేలోపు వేడి పైకి పాకి అంచును చేరుతుందేమోనన్నది సత్యవతమ్మ భయం. నాగాయలంకలో ఆ ముసలాయన తడి మట్టి ముద్దలో అంచును దాచేవాడట. మట్టి కోసం చూస్తుంటే త్రిపురసుందరిగారు లోపలికి వెళ్ళి, మర్నాడు పోలిని స్వర్గానికి పంపడానికి తెప్పించిన అరటి బోదె పట్టుకొచ్చారు. రేపు దాని దొప్పల్లోనే దీపాలు పెట్టి నీళ్ళలో వదలాలి. జానెడు కోసి ఇచ్చారు.

"పోలికి మిగిలింది చాలులెండి. ఆవిడ ఎలాగూ వెళ్తుంది" అన్నారు.

కత్తి అంచు బోదెలోకి దిగిపోయింది. చన్నీళ్ళ ముద్దలాంటి బోదెను కృష్ణమూర్తిగారు పటకారుతో పట్టుకొని, తోకను నిప్పుల్లో పెట్టారు. బోదె చుయ్యిమని ఆవిరి వదిలింది. సత్యవతమ్మ నిప్పును కాదు, ఇనుము రంగును చూస్తూ కూర్చుంది. ఇంకా, ఇంకా అంది. ఉండండి అంది. తోక దానిమ్మ గింజ రంగుకు వచ్చినప్పుడు చాలంది.

మొదటి దెబ్బ రైలు పట్టాకు తగిలింది. దాని మోతకు పక్కింటి శివమాల ఆయన గోడ మీంచి తొంగి చూసి, వ్రతం గుర్తొచ్చి వెళ్ళిపోయాడు. రెండో దెబ్బ తోకకు తగిలింది. మూడు, నాలుగు మెల్లగా వేయమని సత్యవతమ్మ చెప్పింది, ఆయన మెల్లగా వేశారు. తోక నిటారైంది. నీళ్ళలో ముంచబోతే, పెళుసెక్కుతుందని ఆపి, బూడిదలో కప్పమంది. నిప్పు రాజేసింది మొదలు బూడిద కప్పేదాకా పావుగంట కూడా పట్టలేదు.

బోదె చీల్చి చూస్తే అంచు ఎప్పటిలా తెల్లగా ఉంది, పదును చచ్చిందని చెప్పే నీలం చాయ ఎక్కడా లేదు. త్రిపురసుందరిగారు బక్కెట్టు దించి, అరుగు మీద కూర్చున్నారు. నెల మొత్తం మీద ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి అనిపించింది. కృష్ణమూర్తిగారు తువ్వాలు తీసి ముఖం తుడుచుకొని, తాను ఆ కత్తిని పూర్తిగా కాల్చబోయానని, రెండు క్షణాలైతే కాల్చేవాణ్ణని సత్యవతమ్మతో అన్నారు. క్షమించమన్న మాట ఆఫీసులో వాడిన అలవాటు లేదు గనక అంతకన్న దగ్గరగా వెళ్ళలేకపోయారు.

"కాల్చలేదు గదండీ" అంది సత్యవతమ్మ. "కానీ, కోస్తేగాని తెలీదు. రేపు చూద్దాం."

ఆ ఇంట్లో కోసి చూడడానికి చేప లేదు. వంకాయ మీద చూడవచ్చునని కృష్ణమూర్తిగారు సూచించారు గాని, వంకాయ సాక్ష్యం చెల్లదని ఆడవాళ్ళిద్దరూ అన్నారు.

పాడ్యమి పొద్దున, దీపాలు నీళ్ళలో వదిలి త్రిపురసుందరిగారు తిరిగి వచ్చేసరికే కృష్ణమూర్తిగారు చొక్కా వేసుకొని వీధి మొగలో ఉన్నారు. కొత్తిమీర కొనడానికని చెప్పారు. కొత్తిమీర అమ్మేది అవతలి మొగలో. సత్యవతమ్మ చుట్టూ అప్పటికే పది మంది సంచీలతో మూగి ఉన్నారు. ముప్ఫై రోజుల ఆకలి ఆ గుంపులో స్పష్టంగా వినిపిస్తోంది. కత్తి పీటలో దిగి, కాలి కింద, సరిగ్గా నిలువుగా నిలబడి ఉంది.

మొదటి బేరమే పండుగప్ప, రెండున్నర కిలోలు. ఆమె పొలుసు గీకింది, రెక్కలు తీసింది, మొండెం ముక్కలు చేసింది. అక్కడిదాకా ఏ కత్తయినా చేస్తుంది. ఆ తరవాత తలకాయను రెండు చేతులా పట్టి అంచుకు ఆనించి, ముందుకు ఒంగి బరువు వేసింది. కృష్ణమూర్తిగారు ఊపిరి బిగపట్టారు. కత్తి ఒరగలేదు. తలకాయ మధ్యకు, చప్పుడు లేకుండా, రెండు చెక్కలైంది.

ఆయన ఊపిరి వదిలారు. ఎంతసేపు బిగపట్టారో గాని, పక్కనున్నాయన తిరిగి చూశాడు. సత్యవతమ్మ కూడా తలెత్తి చూసింది. కృష్ణమూర్తిగారు ఇంకొంచెం ముందుకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకొని, నిలబడ్డారు.

"అన్నయ్యగారూ, కాస్త ఇటు జరుగుతారా అండీ. తూకం కనపడట్లేదు."

కృష్ణమూర్తిగారు జరిగారు.